కారైక్కుడి ఇత్తడి సేవింగ్స్ కింద లెక్కేనా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, చెన్నైలో ఫ్రీలాన్స్ జర్నలిస్ట్‌ని. ఎవరూ పట్టించుకోని చరిత్ర, పాత వస్తువుల మీద రాస్తుంటాను. సగటున నెలకి 60 వేలు, కానీ ఒక్కోసారి మూడు నెలలు పైసా రాదు. నాలుగు లక్షలు పెట్టి కొన్న ఇత్తడి సామాన్లు, రెండు పాత విగ్రహాలు ఉన్నాయి. వీటినే సేవింగ్స్ అనుకోవచ్చా?

జవాబు: అనుకోకండి మేడం. మీకు మంచి వస్తువుని పట్టే కన్ను ఉండొచ్చు, కాదనను, కానీ రేపు పొద్దున ఆస్పత్రిలో డబ్బు కట్టమంటే ఆ ఉరుళి (వెడల్పాటి పాత్ర) ఎవరికి అమ్ముతారు, పాత సామాన్లు అమ్మే కారైక్కుడి మునీశ్వరన్ కోయిల్ వీధిలో అడిగి చూడండి, కొనేటప్పుడు పురాతనం అన్నవాళ్లే మనం అమ్మబోతే తూకానికి దిగుతారు.

విగ్రహాల సంగతి ఇంకా సీరియస్. వందేళ్లు దాటినవైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకొస్తాయి, రాతివి, లోహంవి అయితే కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) దగ్గర రిజిస్టర్ చేయించాలి, విదేశాలకి పంపడం మనలాంటివాళ్లకి కుదరనే కుదరదు. తమిళనాడు పోలీసుల్లో విగ్రహాల చోరీలకే ఒక విభాగం ఉందని మీకు నేను చెప్పక్కర్లేదు. బిల్లు లేకపోతే ముందు లాయర్‌ని కలవండి, అమ్మకం మాట తర్వాత.

మీరు లెక్కలో వేసుకోనిది ఒకటుంది, మీ పాత వ్యాసాలు. మీరు పత్రిక ఉద్యోగి కాదు కాబట్టి హక్కులు రాసిచ్చేస్తే తప్ప కాపీరైట్ మీదే. రాసిచ్చినా కాగితంలో గడువు వెయ్యకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే చూస్తుంది. జార్జ్ టౌన్ తెలుగు వ్యాపారుల మీదో, మద్రాసులో పాత తెలుగు ప్రెస్సుల మీదో రాసినవి పుస్తకంగా, ఆడియోగా, హెరిటేజ్ వాక్‌గా మళ్లీ డబ్బు తెస్తాయి. అందుకే "ఆల్ రైట్స్" (హక్కులన్నీ పత్రికవే) అని ఎక్కడుందో చూడకుండా ఇకమీదట సంతకం పెట్టొద్దు, పెట్టమంటే రేటు పెంచి అడగండి.

ఇక రోజువారీ. వచ్చే డబ్బంతా ఒక అకౌంట్‌లో పడనిచ్చి అందులోంచి ప్రతి ఒకటో తారీకు 35 వేలు మీకు మీరే జీతంలా వేసుకోండి, మిగిలింది ఆరు నెలల ఖర్చు పోగయ్యేదాకా లిక్విడ్ ఫండ్‌లోనో ఎఫ్‌డీలోనో ఉంచండి, హెల్త్ పాలసీ లేకపోతే ఇవన్నీ ఆపి ముందు అది తీసుకోండి. పీపీఎఫ్, ఇండెక్స్ ఫండ్ సిప్ లాంటి దీర్ఘకాలపు పొదుపులు ఆ తర్వాతే.

ట్యాక్స్‌లో చాలామంది పొరబడేది ఒకటి చెప్తాను, రాబడిలో సగమే లాభంగా చూపించే స్కీమ్ డాక్టర్లు, లాయర్లు, ఆర్కిటెక్టులు లాంటి కొన్ని వృత్తులకే, ఆ లిస్టులో జర్నలిస్టులు లేరు. కాబట్టి రైలు టికెట్లు, కొన్న పుస్తకాలు, కెమెరా బిల్లు అన్నీ దాచండి. పత్రికలవాళ్లు కోసిన టీడీఎస్ 26ఏఎస్‌లో (మీ పేరు మీద జమైన పన్ను చూపే స్టేట్‌మెంట్) పడిందో లేదో చూసుకోండి, అది పోను ఏడాదికి 10 వేలు లేదా అంతకంటే ఎక్కువ కట్టాల్సి వస్తే అడ్వాన్స్ ట్యాక్స్ మొదటి వాయిదా జూన్ 15. మీ సామాన్లలో ఆర్ట్ కిందకొచ్చేవేమైనా రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను ఉంటుంది, కొన్న రసీదు లేకపోతే ఆ లాభం ఎంతో తేల్చడమే తలనొప్పి.