2038 తేదీ సమస్యకు కళాశాల భవనాలను సిద్ధం చేయడం: 1999 నాటి అనుభవం

1970 నుంచి గడిచిన సెకన్లను 32 బిట్ల సంఖ్యలో లెక్కపెట్టే కంప్యూటర్లలో ఆ సంఖ్య 2038లో నిండిపోయి తేదీలు తప్పుతాయంటున్నారు కాబట్టి కళాశాల భవనాల్లో ముందుగా ఏం చూసుకోవాలని అడిగారు. 1999లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో భవనాల నిర్వహణ సిబ్బందితో కలిసి వైటూకే (సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకున్న కంప్యూటర్లు 2000ను 1900 అనుకునే సమస్య) పనులు చేసిన అనుభవంతో చెబుతున్నాను.

సర్వర్ల సంగతి చూసే మనుషులు ఎలాగూ ఉంటారు. ఎవరి పట్టికలోనూ లేనివి ఫైర్ అలారం ప్యానెళ్లు, కార్డ్ రీడర్లు, ఏసీ కంట్రోలర్లు, జనరేటర్లు, ప్రయోగశాలల ఫ్రీజర్లు. మేము భవనం భవనం తిరిగి వాటన్నిటినీ రాసుకుని, ఒక్కోదాని గురించి ఒకటే ప్రశ్న వేసుకున్నాం: ఇది తేదీని ఊరికే నమోదు చేస్తుందా, లేక తేదీని బట్టి ఏదైనా చేస్తుందా? అందరూ భయపడిన లిఫ్టుల్లో చాలావాటికి కదలడానికి తేదీతో పనే లేదు.

అసలు ఇబ్బంది సంవత్సరం కంటే వారంతో వస్తుంది. 2000 జనవరి 1 శనివారం, 1900 జనవరి 1 సోమవారం. రెండంకెల సంవత్సరం మాత్రమే తెలిసిన కంట్రోలర్ 1900 అనుకుంటే, గురు, శుక్రవారాలను శని, ఆదివారాలుగా లెక్కించి, గడ్డకట్టే చలిలో హీటింగ్ తగ్గించి, తలుపులు మూసి ఉంచుతుంది. మార్చలేని పాత కంట్రోలర్లను 1972కు తిప్పడం అప్పట్లో తెలిసిన ఉపాయం, ఎందుకంటే 1972, 2000 సంవత్సరాల క్యాలెండర్ ఒక్కటే. అలా తిప్పినది ఇంకా ఎక్కడైనా నడుస్తుంటే, అది ‘99’గా చూపే సంవత్సరం 2027తో ముగిసి, మళ్లీ ‘00’ వస్తుంది.

పరీక్షించేటప్పుడు ముందు సెట్టింగులు భద్రపరచి, పరికరాన్ని నెట్‌వర్క్ నుంచి వేరుచేసి, గడియారాన్ని తేదీ తప్పే క్షణానికి కొద్దిగా ముందు పెట్టి, ఒకసారి నడుస్తుండగానూ, మరోసారి కరెంటు తీసేసి ఉంచీ దాటించి చూడండి. రెండు ఫలితాలూ ఒకేలా ఉంటాయని అనుకోవద్దు. కార్డ్ రీడర్ల వ్యవస్థలో తేదీ ముందుకు జరిపితే కార్డుల గడువు తీరిపోయే ప్రమాదం ఉంది కనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

మీ విషయంలో ఆ క్షణం భారత కాలమానం ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8:44. లోపమున్న పరికరం ఒక్కసారిగా 1901 డిసెంబర్ 14, శనివారం తెల్లవారుజాము 2:15కి వెళ్లిపోవచ్చు. విద్యార్థులు లోపలికి వచ్చే వేళ అది కనుక, ఏ తలుపు చేత్తో తెరవాలో, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో, ఫైర్ ప్యానెల్ దగ్గర ఎవరు నిలబడతారో పేర్లతో సహా రాసి పెట్టండి. ఈలోగా కొనే ప్రతి ప్యానెల్‌కూ 2038 దాటి పనిచేస్తుందన్న హామీని మోడల్, వెర్షన్ వివరాలతో రాతపూర్వకంగా తీసుకోండి.