తాళం వేసిన ఇంట్లోకి దుమ్ము ఎక్కడిది?

ప్రశ్న: టీచరు గారూ, నమస్తే. మాది చీమకుర్తి. ఇల్లు పొదిలి రోడ్డుకు దగ్గర. పొద్దునా సాయంత్రం కసువు చిమ్మి బండలు తుడుస్తాను. అయినా గంటలో టీవీ మీద, బీరువా మీద బూడిదరంగు దుమ్ము. సంక్రాంతికి ఇల్లు తాళం వేసి పుట్టింటికి పోయాం. పది రోజులకు వచ్చి చూస్తే బల్లమీద వేలితో పేరు రాయొచ్చు. ఎవరూ లేని ఇంట్లోకి ఇంత దుమ్ము ఎట్లా వచ్చింది? దుమ్మంటే మన ఒంటి చర్మమేనని మా మరిది ఫోన్‌లో వీడియో చూపిస్తున్నాడు. మా అత్తమ్మ నాకు చిమ్మడం రాదంటోంది. మా ఆయన గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పెద్దబాబుకు లేస్తూనే తుమ్ములు.
— ఒక గృహిణి, చీమకుర్తి

జవాబు: మీ మరిదికి జవాబు ఆ తాళం వేసిన ఇల్లే చెబుతోందమ్మా. మనుషులు లేని పది రోజుల్లో అంత చర్మం ఎవరు రాల్చారు? మన ఒంటినుంచి చర్మపు పొలుసులు రోజూ రాలే మాట నిజమే. దుమ్ములో అవీ ఉంటాయి. బట్టల నూలుపోగులు, వెంట్రుకలు, పొయ్యి పొగ, అగరొత్తుల మసి, బొద్దింకల ముక్కలు, పుప్పొడి కూడా ఉంటాయి. కానీ పెద్ద వాటా బయటిది. 2009లో అమెరికాలో డేవిడ్ లేటన్, పలోమా బీమర్ అనే పరిశోధకులు లెక్కగట్టి, ఇంటి దుమ్ములో దాదాపు 60 శాతం బయటినుంచి వచ్చిందేనన్నారు. అవి తలుపులు బిగించుకుని ఉండే ఇళ్ళు. పగలంతా కిటికీలు తెరిచి ఉంచే మన ఇళ్ళలో ఆ వాటా ఇంకా ఎక్కువేనని నా నమ్మకం.

ఒంగోలులో సైన్సు చెప్పే రోజుల్లో పిల్లలచేత వాళ్ళ ఇంటి కిటికీగట్టు మీది దుమ్మును టేపుకు అంటించి తెప్పించి, మైక్రోస్కోపు కింద పెట్టేదాన్ని. పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో మంట పెట్టే కాలంలో కొండపి వైపు పిల్లల టేపుల మీద నల్లటి మసి. కొత్తపట్నం పిల్లలవి నున్నగా అరిగిన ఇసుక రేణువులు. చీమకుర్తి పిల్లలవి మాత్రం పదునైన అంచులున్న రాతి ముక్కలు. ఊరు ఏదో దుమ్మే చెప్పేది.

మీ ఊళ్ళో ఆ రాతిపొడి ఎట్లా పుడుతుందో మీకు తెలియంది కాదు. క్వారీలో డ్రిల్లింగు, టిప్పర్ల రాకపోకలు ఒకవైపు. అంతకంటే నన్ను బాధపెట్టేది ఫ్యాక్టరీల స్లర్రీ. రాయిని నీళ్ళు పోస్తూ కోస్తారు కాబట్టి అప్పటికి దుమ్ము పెద్దగా లేవదు. ఆ బురదను తెచ్చి రోడ్డు పక్కన పోస్తే ఎండి, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా అవుతుంది. లారీ పోయినప్పుడల్లా లేస్తుంది. గాలి తోపుకు వెంటిలేటర్లోంచి, తలుపు కింది సందులోంచి లోపలికొస్తుంది. తాళం మనుషులనే ఆపుతుంది.

ఇక గంటలోనే మళ్ళీ ఎందుకు పడుతుందంటే, అది మీ చీపురు లేపిందే. కదలని గాలిలో ఇసుకరేణువంతది కొన్ని సెకన్లలో నేలకు దిగుతుంది. మిల్లీమీటరులో నూరోవంతు ఉన్న రేణువు పైకప్పునుంచి దిగడానికి చాలా నిమిషాలు పడుతుంది. వెయ్యోవంతు ఉన్నదానికి గంటలకు గంటలు పడుతుంది. ఫ్యాన్ తిరుగుతుంటే ఈ సన్నవి దిగనే దిగవు. అందుకని చిమ్మేముందు ఫ్యాన్ ఆపండి. చిమ్మాక ఓ పావుగంట ఆగి, బీరువా, టీవీ తడిగుడ్డతో తుడిచి, బండలు ఆఖరున తుడవండి. దులపొద్దు. గుమ్మం బయట ఒకటి, లోపల ఒకటి గోనెపట్టా వేసి, చెప్పులు బయటే విడిచిరమ్మనండి. రోడ్డు వైపు కిటికీకి జాలి ఉంటే దాన్నీ కడగండి, జాలి పట్టిన దుమ్మంతా గాలికి మళ్ళీ ఇంట్లోకే రాలుతుంది. మీ అత్తమ్మకు ఈ ముక్క చదివి వినిపించండి. లోపం మీ చేతిలో లేదు.

సున్నం గోడలైతే ఒక పరీక్ష చేయొచ్చు. దుమ్ము మీద నిమ్మరసం చుక్క వేస్తే బుడగలొచ్చేది గోడ సున్నం. రాయిపొడి ఉలకదు.

బాబు తుమ్ములకు కారణం వేరే ఉండొచ్చు. మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండని దుమ్ముపురుగులు పరుపుల్లో, దిండ్లలో మన చర్మపు పొలుసులు తిని బతుకుతాయి. వాటి విసర్జన కొందరికి పడదు. తేమగాలి వాటికి బలం. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతికి, పరుపును ఎండలో వేయండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

మీ ఆయన సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దమ్మా. మీ ఊరి నల్ల గ్రానైట్ అయిన గెలాక్సీ రాయిలో, ఊపిరితిత్తులను పాడుచేసే క్వార్ట్జ్ అనే ఖనిజం తక్కువ. కానీ ఫ్యాక్టరీల్లో వేరే గ్రానైట్లూ కోస్తారు, వాటిలో క్వార్ట్జ్ ఎక్కువ. కంటికి కనపడని ఆ క్వార్ట్జ్ పొడి ఏళ్ళతరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. వచ్చాక నయంచేసే మందు లేదు. పనిబట్టలు ఇంటి బయటే మార్చుకోమనండి. వాటిని దులపకుండా నీళ్ళలో వేసి విడిగా ఉతకండి. అంచులు పొడిగా గ్రైండింగ్ చేసే పనైతే మూతికి కట్టుకునే తువ్వాలు చాలదు. ఎన్-95 మాస్కు, నీళ్ళు పోసే ఏర్పాటు యజమానిని అడగాలి. ఆయాసం, దగ్గు లేకున్నా ఛాతీ ఎక్స్‌రే ఈ ఏడాదే తీయించండి.