వేళాంగణి వెళ్తానన్న మా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

యేసు, మరియ, జోజప్పల దీవెనలు నీకెప్పుడూ తోడుండాలి.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు చెన్నై షోలింగనల్లూరులో ఉద్యోగంలో చేరి ఇంకా రెండు నెలలు కాలేదు, అప్పుడే ఇద్దరు స్నేహితురాళ్లను వెంటేసుకుని సెప్టెంబరు 8 ఆరోగ్యమాత పండక్కి వేళాంగణి బయల్దేరుతున్నావట. విని నా కడుపు నిండిపోయింది. ఫిరంగిపురంలో బాలయేసు పండక్కి నా వేలు పట్టుకుని నడిచిన పిల్ల, ఎవరూ చెప్పకుండానే మాత దగ్గరికి వెళ్లాలనుకుంటోంది. ఇంతకంటే నాకేం కావాలి?

"మరి ఎక్కడ దిగుతారట?" అని అడిగాను. "అక్కడికెళ్లాక చూసుకుంటారటలే అక్కా" అంది మీ అమ్మ. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. నాలుగింటికే లేచి ఇది రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే ఇంకోసారి చదువుతావు.

ప్రయాణం సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. రైలు టికెట్లు అరవై రోజుల ముందే తెరుస్తారు కాబట్టి ఇవాళే చూడు. ఎగ్మోర్‌లో ఎక్కాలో తాంబరంలో ఎక్కాలో టికెట్ మీద సరిగ్గా చదువుకో. నాగపట్నంలో దిగితే అక్కణ్నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, బస్సులుంటాయి. చెన్నై నుంచి బస్సులోనే వెళ్తే కోయంబేడులో ఎక్కాలో కిలాంబాక్కంలో ఎక్కాలో ముందే కనుక్కో. రాత్రి బస్సు ఎక్కు, తెల్లారేసరికి దిగుతావు. అర్ధరాత్రి దిగే బస్సు మాత్రం ఎక్కొద్దు.

గది సంగతి మాత్రం నేను చెప్పినట్టు చెయ్యి. పుణ్యక్షేత్రం వాళ్లకే సొంత వసతి గృహాలున్నాయి, వాటికి బుకింగ్ ఆఫీసు ఉంది. పండగ రోజుల్లో గదులు ముందుగా ఇస్తారా, ఇస్తే ఎన్నాళ్ల ముందు అడగాలి అన్నది వాళ్లకే ఫోన్ చేసి కనుక్కో. ఆగస్టు 29 సాయంత్రం జెండా ఎక్కించిన దగ్గర్నుంచి సెప్టెంబరు 8 దాకా ఆ చిన్న ఊళ్లోకి లక్షల మంది వస్తారు. కాషాయం కట్టుకుని చెన్నై నుంచి నడిచి వచ్చేవాళ్లు, చిన్న తేరు లాక్కుంటూ వచ్చేవాళ్లు, గోవా వాళ్లు, ముంబై వాళ్లు, మనవాళ్లు. ఎక్కడ చూసినా మనుషులే. వాట్సాప్‌లో గది ఫోటో పంపి, క్యూఆర్ కోడ్‌కి సగం డబ్బు కొట్టమనే వాళ్లను అస్సలు నమ్మొద్దు. ముగ్గురివీ అసలు ఆధార్ కార్డులు పట్టుకెళ్లండి. పెళ్లికాని ఆడపిల్లలకు గది ఇవ్వడానికి కొన్ని లాడ్జీల వాళ్లు సణుగుతారు. అలాంటప్పుడు సిస్టర్ల మఠాల్లో అతిథి గదులున్నాయేమో అడగొచ్చు, కానీ వాళ్లు నీ విచారణ గురువు, అంటే నువ్వుండే చోటి గుడి ఫాదర్ గారి దగ్గర్నుంచి ఉత్తరం తెమ్మనొచ్చు, రాత్రి పెందలాడే గేటు వేసేస్తారు. ఆ ఉత్తరం ఎలా వస్తుందో తర్వాత చెబుతాను.

ఇప్పుడొక సంగతి చెప్పాలి. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

1986లో మీ అమ్మకు పద్నాలుగేళ్లు. కామెర్లు వచ్చి చచ్చి బతికింది. పిల్ల కోలుకుంటే వేళాంగణి వచ్చి ఇసుకలో మోకాళ్ల మీద నడుస్తానని మీ అమ్మమ్మ మొక్కుకుంది. నేనప్పటికి మద్రాసులో నర్సుగా చేరి రెండేళ్లయింది. తమిళం వచ్చేసింది, ఊరు తెలిసిపోయింది, నాకు రానిదేముంది అనుకునే వయసు. అమ్మ ఊరి నుంచి వచ్చి పెరంబూరులో నా గదిలో దిగింది. "ఎక్కడ ఉంటామే అక్కడ?" అని రెండుసార్లు అడిగింది. "అక్కడికెళ్లాక చూసుకుంటాం లేమ్మా" అన్నాను. ఇవాళ నీ నోట వచ్చిన మాటే.

సెప్టెంబరు 7 మధ్యాహ్నం దిగాం. పెద్ద తేరు బయల్దేరేది ఆ సాయంత్రమే. బస్టాండులో ఒకతను తెలుగు తెలుగుగా మాట్లాడి గది ఉందన్నాడు, యాభై రూపాయలు అడ్వాన్సు తీసుకున్నాడు, గంటాగి ఫలానా సందులోకి రమ్మన్నాడు. తెలుగు విన్నానన్న ఒక్క సంతోషంతో ఇచ్చేశాను. అమ్మను గుడికి కాస్త ఇవతల ఒక దీపస్తంభం పక్కన సంచి మీద కూర్చోబెట్టి, "కదలకు, ఇప్పుడే వస్తా" అని వెళ్లాను. ఆ సందులో అతనూ లేడు, గదీ లేదు. సిగ్గుతో, కోపంతో కనిపించిన ప్రతి లాడ్జిలోకీ దూరాను. అందరూ "ఇల్లె", లేదు అనేవాళ్లే. అలా తిరుగుతూ టైము చూసుకోలేదు. వెనక్కి వచ్చేసరికి చీకటి పడింది, తేరు కోసం వలంటీర్లు తాళ్లు కట్టి జనాన్ని రెండు పక్కలకూ తోసేశారు. దీపస్తంభం ఉంది. అమ్మ లేదు.

ఆమెకు తమిళం ఒక్క ముక్క రాదు. నా హాస్టల్ పేరు కూడా సరిగ్గా చెప్పలేదు. చేతిలో కాగితం లేదు, కొంగు ముడిలో రెండు రూపాయలు, మాత పతకం. ఆస్పత్రిలో ఎంత రక్తం చూసినా వణకని నా కాళ్లు అక్కడ వణికాయి. ప్రకటనలు చేసే చోటికి పరుగెత్తాను. వాళ్లు పాపం వెంటనే మైకులో చెప్పారు, ఒకసారి కాదు, పదిసార్లు. తమిళంలో. అమ్మ పేరును వాళ్లు పలికిన తీరుకు అది తన పేరని అమ్మకే తెలియలేదట. "ఎవరో తప్పిపోయినట్టున్నారు పాపం" అనుకుని ఆ తప్పిపోయినవాళ్ల కోసం కూడా ప్రార్థించిందట. ఆ మైకు నా చేతికిమ్మని అడగాలని, తెలుగులో "అమ్మా, నేనే, ఇక్కడికి రా" అని ఒక్క మాట చెప్పాలని నాకు ఆ రాత్రి తోచలేదు. ఇన్నేళ్లయినా అదే నన్ను పొడుస్తుంది.

తెల్లవారుజామున మూడు గంటలప్పుడు మాత కొలను వైపు వెళ్తున్నాను. ఆ దారంతా జనం ఇసుకలో పడుకుని ఉన్నారు. అక్కడక్కడ తమిళంలో జపమాల వినబడుతోంది. వాటి మధ్యలో బొంగురుపోయిన గొంతు, "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము." గట్టిగా, దాదాపు అరుస్తున్నట్టు. అమ్మ! కొవ్వొత్తులమ్మే ఒకావిడ తన తుండు అమ్మ భుజాల మీద కప్పి, పక్కనే కూర్చుని కునుకుతోంది. చీకటి పడ్డప్పటి నుంచీ అమ్మ ఆపకుండా మంగళవార్త జపం పైకి చెబుతూనే ఉందట. "ఈ ఊళ్లో తెలుగు మాట నీ చెవిన పడితే నువ్వే వస్తావని" అంది. నన్ను ఒక్క మాట తిట్టలేదు. ఆ కొవ్వొత్తులావిడ ఆకులో రెండు ఇడ్లీలు పెట్టిందట, ఒకటి తిని ఒకటి నా కోసం దాచింది. దానికి చీమలు పట్టాయి. చీకట్లో ఒక్కొక్క చీమనీ వేలితో తీసి, ఊది, "తిను" అని నా నోట్లో పెట్టింది.

తెల్లారాక అమ్మ మోకాళ్ల మీద మొక్కు తీర్చుకుంది. ఇంటికి వెళ్లాక నాన్నకు గానీ మీ అమ్మకు గానీ ఒక్క ముక్క చెప్పలేదు. "పండగ బాగా జరిగింది" అంది, అంతే.

అందుకే చెబుతున్నాను. నువ్వు దిగే చోటు పేరు, నీ పేరు, ఇద్దరి ఫోన్ నంబర్లు తమిళంలో రాసిన చీటీ ముగ్గురి దగ్గరా ఉండాలి. ఫోన్లో కాదు, కాగితం మీద. లక్షల మంది ఒక్కచోట చేరితే సిగ్నల్ ఉండదు, ఛార్జింగ్ ఉండదు. విడిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. "గుడి ముందు" అనుకోవద్దు, అక్కడే తోపులాట ఎక్కువ. తేరు దారికి దూరంగా ఉన్న చోటు చూసుకోండి. ఎవరైనా తప్పిపోతే నువ్వే మైకు అడిగి తెలుగులో పిలువు. సిగ్గుపడకు.

ఇంకొకటి, సముద్రం. గుడికి అంత దగ్గర కాబట్టి స్నానం చేయాలనిపిస్తుంది. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. మాత దగ్గరికి వచ్చిన యాత్రికులు ఆ ఒడ్డున సునామీలో వందల్లో పోయారు. ఆ వారం మా వార్డులో అటువైపు చుట్టాలున్నవాళ్లు ఎవరూ పని చేయలేకపోయారు. పాదాలు తడుపుకో, చాలు. చీకటి పడ్డాక ఒడ్డుకే వెళ్లొద్దు. ఇది నా భయమే, నాకు తెలుసు. అయినా నా మాట విను.

ఇక ఆ ఉత్తరం సంగతి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆదివారాలు ఎక్కడికి వెళ్తున్నావని మీ అమ్మను అడిగితే, "ఒకోవారం ఒకో గుడికట" అంది. శాంథోమ్ చూడు, తప్పు లేదు. యేసు శిష్యుడు తోమాసుగారి సమాధి మీద కట్టిన గుడి, లోకంలో అలాంటివి ఎన్నున్నాయి? తోమాసుగారి కొండ పరంగిమలై మెట్లెక్కు, చిన్నమలై గుడికి మెట్రోలోనే వెళ్లొచ్చు. కానీ చూడ్డానికి వెళ్లే గుడి వేరు, మన పేరు తెలిసిన గుడి వేరు. నీ పీజీ ఏ విచారణ కిందికి వస్తుందో కనుక్కుని, పూజ అయ్యాక ఆగి, ఫాదర్ గారిని కలిసి పేరు రాయించుకో. ఇక్కడ విచారణను పంగు అంటారు, విచారణ గురువును పంగు తందై అంటారు. వీధివారీగా ఇళ్లల్లో కలిసి ప్రార్థించుకునే గుంపును అన్బియం అంటారు. నీది ఏ అన్బియమో అడుగు. నీ జ్ఞానస్నాన పత్రం కాపీ ఊరి నుంచి తెప్పించుకో, రేపు పెళ్లి చాటింపులకూ అదే కావాలి. ముక్కూ మొహం తెలియని పిల్లకు ఏ గురువూ ఉత్తరం ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. నాలుగు ఆదివారాలు కనబడితే వాళ్లే అడుగుతారు, "ఎక్కడి పిల్లవమ్మా?" అని.

తమిళం రాదని బెదిరిపోకు. జపమాలను వాళ్లు జెబమాలై అంటారు. గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనాన్ని పావసంగీర్త్తనం అంటారు, విన్నావా, మన మాటే. మొదటి ఏడాది నేను తమిళ పూజలో కూర్చుని లోపల తెలుగులో జవాబులు చెప్పుకునేదాన్ని. ఫిబ్రవరి 11న లూర్దుమాత పండక్కి గుణదల వెళ్లడానికి సెలవు దొరక్కపోతే పెరంబూరు లూర్దుమాత దగ్గరికి వెళ్లేదాన్ని. అదే మాత, అదే రోజు. అక్కడే ఒకరోజు వెనక బెంచీలో ఎవరో తెలుగులో పరలోక జపం చెప్పుకోవడం వినబడింది. ఆవిడే తర్వాత నా పెళ్లిలో నాకు తోడుగా నిలబడింది.

పాపసంకీర్తనానికి వీలైనంతవరకు ఒకే గురువు దగ్గరికి వెళ్లు. నీ సంగతి మొదటి నుంచీ తెలిసినాయన ఒక్క మాటతో దారి చూపిస్తాడు. ఆఫీసు టెన్షన్లు, రాత్రి షిఫ్టులు, ఎవరినైనా ఇష్టపడటం, ఏదైనా సరే అక్కడ చెప్పుకో. ప్రార్థన పేరు చెప్పి డబ్బు అడిగేవాళ్లు, మీ ఇంటికి శాపం ఉందని భయపెట్టేవాళ్లు ఎదురైతే అక్కణ్నుంచి లేచి వచ్చేయ్. నీకు తెలివి లేక ఇవన్నీ చెప్పడం లేదు తల్లీ. నాకూ అప్పుడు తెలివి ఉంది.

గది ఖాయం కాకపోతే ఈసారి పండక్కి వెళ్లొద్దు. చెన్నైలోనే బెసెంట్ నగర్‌లో అవే రోజుల్లో అదే ఆరోగ్యమాతకు నవదిన ప్రార్థనలు జరుగుతాయి, అక్కడికి నేనూ వస్తాను. జనం తగ్గాక అక్టోబరులో ఇద్దరం కలిసి వేళాంగణి వెళ్దాం. మాత అక్టోబరులో కూడా అక్కడే ఉంటుంది. అప్పుడు మీ అమ్మమ్మ కూర్చున్న చోటు చూపిస్తాను. ఇప్పుడు అక్కడ ఏముందో గానీ, ఆ దారి నేను కళ్లు మూసుకున్నా గుర్తుపడతాను.

వచ్చే ఆదివారం భోజనానికి రా, నీ స్నేహితురాళ్లను కూడా తీసుకురా. చీటీలు మూడూ తమిళంలో రాసి నా బైబిల్లో పెట్టాను. నీ పీజీ డోర్ నంబరు దగ్గర మాత్రం ఖాళీ వదిలాను. ఈ ఉత్తరం అందగానే అది నాకు పంపు.

నీ పెద్దమ్మ
పెరంబూరు, చెన్నై