ఆర్సీలో 1974, మెకానిక్ చెప్పేది అరవైల బండి: ఏది నమ్మాలి?

మీ తాతగారి బుల్లెట్ 350 ఆర్సీలో 1974 అని ఉంది, మెకానిక్ మాత్రం అరవైల నాటిదంటున్నాడు, రిస్టోర్ చేయించడానికి ఏది పట్టుకోవాలి అని అడిగారు. రెండూ నిజమే కావచ్చు. నా బండికి అలాగే తేలింది.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ దగ్గర బొల్లారంలో కొన్న నా బుల్లెట్ ఆర్సీలో 1973 ఉంది. ట్యాంక్ గీకిస్తే నలుపు కింద మెరూన్, దాని కింద ఆలివ్ గ్రీన్. టూల్ బాక్స్ మూత లోపల కూడా అదే రంగు. అంటే మిలిటరీ బండి. ఆర్మీ వాడుకుని వేలంలో అమ్మేశాక, పాడుకున్నాయన రిజిస్ట్రేషన్ చేయించిన సంవత్సరమే ఆర్సీకెక్కింది. పాత చేతిరాత పుస్తకం కదా, తయారీ సంవత్సరం గడిలోనూ అదే అంకె వేసేశారు. కంటోన్మెంట్ ఉన్న ఊళ్లో ఇలాంటి బళ్లకు కొదవ లేదు. మీదీ ఒకసారి గీకి చూడండి.

రంగు సంగతి చెప్పగానే మా మెకానిక్ చాచా "పహలే నంబర్ దిఖావో" (ముందు నంబర్ చూపించు) అన్నాడు. ఛాసిస్ నంబర్ హ్యాండిల్ కింద స్టీరింగ్ హెడ్ మీద, ఇంజిన్ నంబర్ సిలిండర్ కింద కేసు మీద ఉంటాయి. కిరోసిన్‌తో, టూత్ బ్రష్‌తో తుడిచి, ఆర్టీఓ దగ్గర చేసినట్టే కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీయండి. వైర్ బ్రష్, ఎమెరీ పేపర్ దగ్గరికి రానివ్వకండి. రెండు నంబర్లూ ఆర్సీతో అంకె అంకె సరిపోవాలి. మధ్యలో ఎవరైనా వేరే ఇంజిన్ ఎక్కించి ఉంటే, సంవత్సరానికి ఛాసిస్సే లెక్క.

నెట్‌లో దొరికే ఇంగ్లండ్ నంబర్ల పట్టికలు అక్కడి రెడిచ్ ఊళ్లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ బళ్లవి. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా చేసిన మన బళ్లకు పనికిరావు. నేను చేసిందేమిటంటే, షోరూమ్‌లో కొని చేతులు మారని బుల్లెట్లు ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో వెతికి, వాటి ఛాసిస్ నంబర్లు రాసుకున్నాను. 1963 బండి నంబర్ నాదానికంటే తక్కువ, 1965ది ఎక్కువ. అంటే నాది 1964కి కాస్త అటూ ఇటూ. ఆరు నెలలు పట్టింది, బోలెడంత చాయ్ తాగాను.

పార్టులు చూసి మోసపోకండి. ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో మొదలైన కొత్తలో రెడిచ్ నుంచి వచ్చిన విడిభాగాలతోనే ఇక్కడ బళ్లు బిగించేవారు, కాబట్టి ఏదో ఒకదాని మీద 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' కనిపించినంత మాత్రాన అది ఇంపోర్టెడ్ బండి కాదు. లూకాస్ టీవీఎస్ (ఎలక్ట్రికల్ పార్టుల కంపెనీ) అని ఉంటే ఆ పార్టు 1961కి ముందుది కాదు. అంతవరకే చెప్పగలం, బండి వయసు తేలదు. నా బండికి మైళ్ల మీటర్ ఉందని, అది పాతదానికి గుర్తేనని తెగ మురిసిపోయాను. తీరా అడిగితే, పాత ఓనర్ రాణిగంజ్‌లో కొని బిగించాడట!

పెయింట్‌కి ఇచ్చే ముందు నంబర్ మీద టేప్ వేయించండి. ఇది చెప్పకుండా నా ఫ్రేమ్ ఒక షాపులో ఇచ్చి వచ్చాను. శాండ్ బ్లాస్టింగ్ చేసి (ఇసుక కొట్టి పాత రంగు లేపి) పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి కాల్చే పూత) వేసేసరికి అంకెలు పూడిపోయాయి. ఆర్టీఓ ఇన్‌స్పెక్షన్‌లో నంబర్ కనబడలేదని వెనక్కి పంపారు. కోటింగ్ కరిగించి తీయించేదాకా నిద్ర లేదు. మళ్లీ పంచ్ కొట్టిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది టాంపరింగ్ కిందికి వస్తుంది.

ఇక వింటేజ్ రిజిస్ట్రేషన్, అంటే పాతకాలపు బళ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. వీఏ అనే అక్షరాలున్న ప్రత్యేక సిరీస్ నంబర్ వస్తుంది, కానీ రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడం కుదరదు. దీనికి మీ 1974 సరిపోతుంది, దాన్ని మార్పించే పని పెట్టుకోకండి. రంగు, ట్యాంక్ బ్యాడ్జి, సీటు ఎంచుకునేటప్పుడు మాత్రం ఛాసిస్ సంవత్సరాన్ని పట్టుకోండి.

తాతగారి పాత పెట్టెలో వేలం రసీదు గానీ, మొదటి ఇన్సూరెన్స్ కాగితం గానీ ఉందేమో వెతకండి. అది దొరికితే నేను పడ్డ ఆరు నెలల తిప్పలు మీకుండవు.