రాష్ట్రాల పట్టిక పక్కన పెట్టు: నవలల ఎంపికపై మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాసేది.

మీ పాఠక బృందం వచ్చే ఏడాదంతా దేశంలోని ఒక్కో ప్రాంతం నుంచి ఒక్కో నవల చదవాలనుకుంటోందనీ, ఎంపిక పని నీ నెత్తిన పెట్టారనీ రాశావు. నువ్వు పంపిన చిత్తు జాబితా చూశాను. ఎడమవైపు 28 రాష్ట్రాల పేర్లు, కుడివైపు సాహిత్య అకాడమీ బహుమతి పొందిన పుస్తకాల పేర్లు, మధ్యలో సగానికి సగం ఖాళీ గళ్లు. వాటిని నింపలేకపోతున్నానని బెంగపెట్టుకున్నావు. నింపకు. ఆ కాగితం అవతల పెట్టి మళ్లీ మొదలుపెట్టు. గ్రంథాలయంలో పనిచేసినన్నాళ్లూ ఇలాంటి పట్టికలు చాలా చూశాను. గోడకు అంటించుకోవడానికి బాగుంటాయి, చదివేవాళ్లకు మాత్రం ఎందుకూ కొరగావు.

రాష్ట్రాల సరిహద్దులు పరిపాలన కోసం గీసినవి. నవలకు కావలసింది నేల, ఆ నేల మీద ఒక బతుకుతెరువు. కర్ణాటకనే తీసుకో. శివరామ కారంత్ 'మరళి మణ్ణిగె'లో కోస్తా కన్నడ సీమ మూడు తరాల కథ ఉంటుంది. 1967లో వచ్చిన కువెంపు 'మలెగళల్లి మదుమగళు' నిండా మలెనాడు అడవులు, వానలు, జలగలు. దేవనూరు మహాదేవ 'కుసుమబాలె' మైసూరు వైపు దళితవాడల పలుకుబడిలో నడుస్తుంది. వీటిలో ఏది కర్ణాటక? 'కర్ణాటకకు ఒకటి' అనుకుంటే ఏది పెట్టినా మిగిలిన రెండు సీమలకూ అన్యాయమే. 'మలెనాడుకు ఒకటి' అనుకున్నావా, చిక్కు అక్కడికక్కడే విడిపోతుంది.

దీనికి అవతలి వైపు కూడా చూడు. గోపీనాథ్ మహంతి 'పరజా' ఒడియా నవల, 1945లో వచ్చింది. కథాస్థలం కొరాపుట్ కొండలు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ప్రాంతం మన విశాఖ జిల్లాలోదే. అందులో సుక్రు జాని అనే గిరిజనుడు ఉంటాడు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు, కొండవాలున కాస్త భూమి. అంతకు మించి అతనికి ఆశలు కూడా లేవు. పెద్దకూతురి మీద అటవీ గార్డు కన్ను పడుతుంది. తన మాట సాగకపోయేసరికి చెట్లు కొట్టారని కేసు పెట్టి జరిమానా వేయిస్తాడు. జరిమానా కట్టడానికి సుక్రు జాని షావుకారు దగ్గర అప్పు చేస్తాడు, అప్పు తీర్చడానికి కొడుకుతో సహా గోతి కింద చేరతాడు. గోతి అంటే అప్పు కింద వెట్టిచాకిరీ. మన మన్యం చరిత్ర తెలిసినవాళ్లకు ఇందులో ఒక్క మెట్టు కూడా కొత్త కాదు. ఇది ఒడిశా నవల అని చెబితే మీవాళ్లు పొరుగు రాష్ట్రం పుస్తకంలా చదువుతారు. తూర్పు కనుమల నవల అని చెప్పి చూడు, చదివే తీరే మారుతుంది.

ఇక ఎంపిక ఎలా చేయాలి? నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: కథను వేళ్లతో సహా పెరికి మరో చోట నాటితే బతుకుతుందా? బతికితే అది మంచి నవలే కావచ్చు, నీ జాబితాకు మాత్రం పనికిరాదు. తకళి శివశంకర పిళ్లై 1956లో రాసిన 'చెమ్మీన్'ను ఈ పరీక్షకు పెట్టు. సొంత పడవ, సొంత వల కావాలన్న చెంబన్‌కుంజు ఆశ, అందుకోసం పరీకుట్టి దగ్గర తెచ్చుకున్న సొమ్ము, ఒడ్డున భార్య నడవడి తప్పితే సముద్రంలో భర్త బతకడన్న నమ్మకం, వీటిలో ఏదీ అలప్పుళ తీరం దాటి రాదు. కథను నడిపేది ఆ వృత్తే, ఆ నమ్మకమే. కొబ్బరిచెట్లూ కాలువలూ వర్ణించినంత మాత్రాన కేరళ నవల అయిపోదు. పర్యాటక శాఖ కరపత్రాల్లోనూ అవి ఉంటాయి.

పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు వెనక అట్ట మీది పొగడ్తలు వదిలేసి, మధ్యలో ఏదో ఒక చోట పది పేజీలు చదువు. జనం ఏం తింటున్నారు, కూలి ఎంత, అప్పు ఎవరిస్తున్నారు, తగాదా వస్తే ఎవరి గుమ్మం ఎక్కుతున్నారు అన్నవి ఆ పది పేజీల్లో కనబడాలి. సూర్యాస్తమయాలే కనబడితే మూసి పక్కన పెట్టు.

ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటి చెబుతాను. మన దేశంలో పేరున్న ప్రాంతీయ నవలల్లో చాలావాటికి ఒక చుట్టం ఉంటాడు. వెంకటేశ్ మాడ్గూళ్కర్ 'బనగర్‌వాడి'లో మహారాష్ట్రలోని మాణ్‌దేశపు కరువు నేలకు, గొర్రెల కాపరుల పల్లెకు ఒక కుర్ర పంతులు వస్తాడు. పిల్లలంతా గొర్రెల వెంట పోతారు, బడికి ఎవరూ రారు. ఓ.వి. విజయన్ 'ఖసాక్కింటె ఇతిహాసం'లో పాలక్కాడ్ దగ్గరి పల్లెకు రవి ఏకోపాధ్యాయ పాఠశాల నడపడానికి వస్తాడు. ఫణీశ్వరనాథ్ రేణు 'మైలా ఆంచల్'లో బీహార్‌లోని పూర్ణియా జిల్లా పల్లెకు మలేరియా కేంద్రంతోపాటు డాక్టరు వస్తాడు. శ్రీలాల్ శుక్ల 'రాగ్ దర్బారీ'లో పట్నంలో చదువుకున్న రంగనాథ్ ఒంట్లో బాగోలేక మేనమామ ఊరు శివపాల్‌గంజ్ చేరతాడు. ఊరికి కొత్త మనిషి వస్తే, అతనికి చూపించే వంకతో మనకూ చూపించవచ్చు. రచయితకు ఇది మంచి సదుపాయం, ఆ సీమ తెలియని పాఠకుడికీ సదుపాయమే. అందుకని మొదటి రెండు నెలలకు ఇలాంటివి పెట్టుకో. కానీ జాబితా అంతా చుట్టాలతోనే నింపావంటే, ఏడాది గడిచాక మీ బృందం దేశం మొత్తాన్ని బయటివాడి కళ్లతోనే చూసి ఉంటుంది.

అందుకు విరుగుడు కూడా ఉంది. అద్వైత మల్లవర్మన్ 'తితాస్ ఏక్‌టి నదీర్ నామ్' చదివించు. తితాస్ నది ఒడ్డున చేపలు పట్టే మాలో కులంలో పుట్టినవాడే ఆ కులం కథ రాశాడు. 1951లో క్షయతో చనిపోయాడు, పుస్తకం 1956లో గానీ రాలేదు. అక్కడ మనల్ని చేయిపట్టుకుని తిప్పే పంతులూ లేడు, డాక్టరూ లేడు. అయితే ఆ నది ఈనాటి బంగ్లాదేశ్‌లో ఉంది. 'దేశంలోని ప్రాంతాలు' అన్న నియమాన్ని పట్టుకుని మీవాళ్లు తకరారు పెడితే, బీర్‌భూమ్ పల్లెల కథ చెప్పే తారాశంకర్ బందోపాధ్యాయ 'గణదేవత' పెట్టుకోండి. నన్నడిగితే తకరారును పక్కన పెట్టి తితాస్ చదవమంటాను. విభజనకు ముందు పుట్టిన నవలలను పాస్‌పోర్టు అడిగి ప్రయోజనం లేదు.

లోపలివాళ్లు మాత్రమే రాయాలని నేననను. తకళి జాలరి కాదు, వకీలు. మహంతి ప్రభుత్వ అధికారి. రాసినవాడు ఎక్కడ నిలబడి చూశాడో చర్చ రోజున చెబితే చాలు. 'చెమ్మీన్' గురించి మాట్లాడేటప్పుడు, ఆ పాతివ్రత్యపు నమ్మకం జాలర్ల గుండెలోదా, రచయిత కల్పించుకున్నదా అని అడిగించు. గంట మాటలకు లోటుండదు.

రాహీ మాసూమ్ రజా 1966లో 'ఆధా గావ్' రాశాడు. గాజీపూర్ జిల్లాలోని తన సొంత ఊరు గంగౌలీ, అక్కడి షియా జమీందారీ కుటుంబాలు, మొహర్రం, విభజన, జమీందారీ రద్దు, ఇదీ కథ. తన ఊరి గురించి రాస్తూ కూడా అతను ఊరంతా నాదనలేదు, తనకు తెలిసిన సగం గురించే రాశాడు. పైగా ముందుమాటను పుస్తకం మధ్యలో పెట్టాడు. మీ బృందంలో ఎవరైనా 'ఈ నవల చదివితే ఉత్తరప్రదేశ్ అర్థమైపోతుంది' అంటే, ఆ ముందుమాట పైకి చదివి వినిపించు. 'రాగ్ దర్బారీ' వచ్చింది ఆ తరవాత రెండేళ్లకే, అదే రాష్ట్రం నుంచి. అందులో కాలేజీ రాజకీయాలు, సహకార సంఘంలో కాజేసిన డబ్బు, పంచాయతీ ఎన్నికలు. ఇది ఒక దేశం, అది మరో దేశం అనిపిస్తుంది. రెండూ పెట్టు. ఒక నెల ఎక్కువైతే మునిగిపోయేదేమీ లేదు.

బహుమతుల సంగతి. బహుమతి భాషకు ఇస్తారు, సీమకు కాదు. కొన్నిసార్లు నీకు కావలసిన పుస్తకం పక్కనుంచే జారిపోతుంది. కి. రాజనారాయణన్‌కు అకాడమీ బహుమతి 1991లో 'గోపల్లపురత్తు మక్కళ్' మీద వచ్చింది. నువ్వు మాత్రం దానికి ముందు 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం' పెట్టు. కోవిల్‌పట్టి వైపు కరిసల్ నేల, అంటే తమిళ నల్లరేగడి. తెలుగు సీమ నుంచి పారిపోయి వెళ్లిన కుటుంబాలు అక్కడి అడవిని తగలబెట్టి, పొలం చేసుకుని, ఊరు కట్టుకున్న కథ. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ కుటుంబాలవాడే రచయిత కూడా. మీవాళ్లకు ఇది పొరుగు కథ ఎలా అవుతుంది?

ఈశాన్యాన్ని 'ఈశాన్య భారతం' అని ఒక్క నెలలో సర్దేయకు. అది ఎనిమిది రాష్ట్రాలు. దక్షిణ భారతానికి ఒక్క నవల చాలు అని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా? కనీసం రెండు నెలలు ఇవ్వు. బీరేంద్రకుమార్ భట్టాచార్య 'ఇయారుఇంగమ్' అస్సామీ భాషలో వచ్చింది, కథ మాత్రం మణిపూర్ కొండల్లోని తాంగ్‌ఖుల్ నాగాలది. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సేనలు వచ్చిపోయిన తరవాతి రోజులు. దాని పక్కన నాగా రచయిత్రి ఈస్టరిన్ కిరే ఇంగ్లీషులో రాసిన 'వెన్ ద రివర్ స్లీప్స్' పెట్టు. ఇంగ్లీషులో రాసినదాన్ని ప్రాంతీయ నవల ఎలా అంటామని నీకు సందేహం రావచ్చు. ఆ కొండల్లో చాలామంది రచయితలకు చదువు ఇంగ్లీషులోనో అస్సామీలోనో అబ్బింది, వాళ్లు రాసేదీ అందులోనే. బొంబాయి చాళ్ల (ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే పాత అద్దె భవనాల) గురించి కిరణ్ నగర్కర్ రాసిన 'రావణ్ అండ్ ఎడ్డీ'కి కూడా ఇదే సమాధానం. నగరం కూడా ఒక సీమే, దానికీ ఒక నెల కేటాయించు.

కొన్ని సీమలకు నవల కోసం పట్టుబట్టకు. రాజస్థాన్‌కు నేనైతే విజయదాన్ దేథా కథలే పెడతాను. జనం నోట విన్న కథలను తిరిగి రాసి ఆయన చేసిన పని ముందు ఏ నవల తెచ్చినా వెలవెలబోతుంది. 'నవల అని కదా నియమం' అంటారు. నియమం పెట్టింది మీరే కదా, సడలించుకోండి.

మన తెలుగుకు నువ్వు ఏమీ రాయలేదు. తెలిసిందే కదా అని వదిలేశావా? మొదట చేయవలసింది అదే. గుంటూరు సీమకు ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి 'మాలపల్లి', నిజాం తెలంగాణకు దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', అనంతపురం వైపు బండి నారాయణస్వామి 'శప్తభూమి', విశాఖకు రావిశాస్త్రి 'అల్పజీవి', చిత్తూరు అడవికి కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవికి వెళ్లిన ముసలివాడి కథ అది. ఈ అయిదింటిలో ఒక్కటి ఎంచి తెలుగువాళ్లందరికీ ఇదే ప్రతినిధి అని మీ బృందంలో ప్రకటించి చూడు. ఆ రోజు జరిగే గొడవ గుర్తుంచుకుంటే, మరాఠీవాళ్ల గురించో బెంగాలీల గురించో ఒక్క పుస్తకంతో తీర్పు చెప్పడానికి ఎవరూ సాహసించరు.

ఇక సామగ్రి సంగతి. జాబితా ప్రకటించేముందు పుస్తకం దొరుకుతుందో లేదో చూసుకో. అకాడమీ, నేషనల్ బుక్ ట్రస్ట్ వేసిన తెలుగు అనువాదాలు చాలా ఉన్నాయి, కానీ ఒకసారి ప్రతులు అయిపోతే మళ్లీ అచ్చు వేసేసరికి ఏళ్లు పడుతుంది. పాత జిల్లా గ్రంథాలయాల్లో అడుగు, పాత పుస్తకాల దుకాణాల్లో వెతికించు. అనువాదం మూలభాష నుంచే చేశారా, హిందీ మీదుగానో ఇంగ్లీషు మీదుగానో వచ్చిందా అని లోపలి పేజీలో చూడు. రెండూ దొరికితే మూలం నుంచి వచ్చినదే తీసుకో. దొరక్కపోతే మీదుగా వచ్చినదైనా సరే, అసలు చదవకపోవడం కంటే నయం. కువెంపు నవల వంటి బరువైనవి వేసవి సెలవుల నెలకు అట్టేపెట్టు. 'మైలా ఆంచల్'లో మనుషులు ఎక్కువ. ఎవరు ఏ టోలా (ఊళ్లోని పేట) వాళ్లో ఒక కాగితం మీద రాసి పుస్తకంతోపాటు పంచితే, సగంలో వదిలేసేవాళ్లు తగ్గుతారు.

మొదటి నెలకు 'బనగర్‌వాడి' పెట్టు. సన్నని పుస్తకం, రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది. రెండో నెలకు 'ఖసాక్కింటె ఇతిహాసం'. రెండింటిలోనూ పంతులే, రెండింటిలోనూ పల్లెటూరి బడే. ఒకచోట కరువు వచ్చి గొర్రెలు చచ్చి, ఊరే ఖాళీ అయిపోతుంది. రెండోచోట మశూచి వస్తుంది. మాణ్‌దేశానికీ పాలక్కాడ్‌కూ తేడా ఏమిటో నువ్వు ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, వాళ్లే చెబుతారు. పంజాబుకు గుర్‌దయాల్ సింగ్ 'మఢీ దా దీవా', గుజరాత్‌కు పన్నాలాల్ పటేల్ 'మానవీనీ భవాయి' అనుకుంటున్నాను. గోవాకు దామోదర్ మావ్‌జో 'కార్మెలిన్' పెడదామా, గనుల తవ్వకాల కథ చెప్పే పుండలీక్ నాయక్ 'అచ్ఛేవ్' పెడదామా అన్నది మీరే తేల్చుకోండి. కొత్త జాబితా రాసి పంపు. ఈసారి ఎడమవైపు రాష్ట్రాల పేర్లు కాకుండా సీమల పేర్లు రాయి. అక్కడివాళ్లు ఏం చేసి బతుకుతారో పక్కనే ఒక్క ముక్కలో చేర్చు.

అమ్మకూ నాన్నకూ అడిగానని చెప్పు.

మీ మామయ్య