సోంపేట ఇసుకలో రాడిక్కియో

బొబ్బిలి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నలభై గుంటల ట్రేలో మూడంటే మూడు మొలకలు, ఆ మూడూ నారుకుళ్లుతో తల వాల్చేశాయి. విత్తనాలు అమ్మినవాడు మోసం చేశాడని అల్లుడుగారు అంటున్నారట. పాపం, అతని తప్పేమీ లేదు. ఈ రాడిక్కియో అనే ఎర్రటి ఇటలీ ఆకుకూర ఆగస్టు ఉక్కలో పోస్తే సరిగా మొలవదు, మొలిచినా నిలవదు. మిగిలిన సగం ప్యాకెట్‌ని తడి తగలకుండా చిన్న సీసాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో దాచు. ఇంకో రెండు మూడేళ్లయినా పనికొస్తుంది. ఈలోగా ఆ ట్రేలో తోటకూర చల్లుకో.

నేనూ తక్కువవాణ్ణి కాదులే. మొదటిసారి సంక్రాంతికి ఇంటినిండా జనం ఉన్న హుషారులో విత్తాను. చలి ఉంది కదా అనుకున్నాను గానీ, మొక్క ఎదిగే వేళకి చలి వెళ్లిపోతుందన్న లెక్క వేసుకోలేదు. ఉగాది దాటాక ఒక్కొక్కటీ నడుమెత్తున కాడ లేపి నీలం పూలు పూసింది. పొద్దున్నే విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకునేవి. చూడ్డానికి ఎంత బాగున్నాయో! ఆకు మాత్రం నోట్లో పెడితే వేపాకే నయం. మీ అత్త ఆ పూలు దేవుడికి పెట్టింది. ఆ ఏడాది పంట అంతే.

ఇంతకీ ఇది ఎర్ర క్యాబేజీకి చుట్టం కాదు, చామంతి కుటుంబం. ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీ ఉందే, ఇదీ అదే జాతి. దాని వేరు వేయించి పొడి చేస్తారు, దీని ఆకులు క్యాబేజీలా ముడుచుకుని గడ్డ కడితే కోసుకు తింటారు. దీని పుట్టిల్లు ఇటలీలో వెనిస్ చుట్టుపక్కల ఉన్న వెనెటో ప్రాంతం. నీ ప్యాకెట్ మీద ఉన్న కియోజ్జా అన్న పేరు అక్కడ సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఊరిది. వాళ్ల కూరగాయల మళ్లూ ఇసుక నేలలే. అందుకని మా ఉద్దానం ఇసుక ఇదేం పండిస్తుందని దిగులు పడకు. నీకు లేనిదల్లా వాళ్ల చలి.

కాబట్టి మన దగ్గర ఈ పంటకి అసలు పని రోజులు లెక్కపెట్టుకోవడమే. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరిగాక, అక్టోబరు ఆఖరి వారంలో నారు పొయ్యి. అంతకు ముందు వేడికి వేడీ ఉంటుంది, తుపాను భయమూ ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ మీ వైపే తీరం దాటింది కదా, కొబ్బరిచెట్లే నిలవలేదు, ఈ నారెంత! నవంబరులోనూ వాయుగుండాలు తప్పవు గనుక ట్రేని చటుక్కున వరండాలోకి లాక్కునే చోట పెట్టుకో. విత్తనమంతా ఒకేసారి పోసెయ్యకు. సగం అప్పుడు, మిగతా సగం రెండు వారాలాగి. ఒకటి వానకి పోయినా రెండోది మిగులుతుంది.

విత్తే ముందు తడి గుడ్డలో మూటకట్టి రెండు రోజులు ఫ్రిజ్ కింది అరలో ఉంచు. పైన అర సెంటీమీటరుకి మించి మట్టి కప్పకు. మొలిచేదాకా ట్రే నీడలోనే ఉండాలి, మొలిచాక పొద్దుటి ఎండ చూపించు. నాలుగైదు ఆకులొచ్చాక, అంటే సుమారు నాలుగు వారాలకి, సాయంత్రం పూట మార్చి నాటు. దీని తల్లివేరు లోతుకి దిగుతుంది. పన్నెండు అంగుళాల సంచికి ఒక్క మొక్కే. రెండు పెట్టి సర్దుకుపోతాయిలే అనుకుంటే రెండూ గడ్డ కట్టవు. నేల మీదైతే మొక్కకీ మొక్కకీ అడుగు దూరం.

సంచిలోకి ఎర్రమట్టి, బాగా చివికిన గత్తం, కొబ్బరి పొట్టు సమంగా కలుపు. కొబ్బరి పొట్టు మీకు ఊరికే దొరుకుతుంది గానీ అందులో ఉప్పు ఉంటుంది. రెండు మూడు నీళ్లు మార్చి నానబెట్టి పిండాకే వాడు. యూరియా జోలికి పోకు. ఆకు ఏపుగా వస్తుంది, గడ్డ మాత్రం వదులుగా ఉండిపోతుంది.

నీళ్ల విషయంలో మాత్రం చాదస్తంగా ఉండు. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే ఆకు చేదెక్కుతుంది. పొద్దున్నే, మొక్క మొదలు దగ్గరే పోయాలి, నడినెత్తిన పోస్తే గడ్డలో నీరు నిలిచి కుళ్లుతుంది. మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిస్తే వేరు చల్లగా ఉంటుంది. డాబా మీద పెడతానన్నావు. పెట్టు గానీ సంచుల కింద ఇటుకలు పెట్టు, మధ్యాహ్నం రెండు దాటాక నీడ పడేలా చూడు. పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టు.

డిసెంబరులో నువ్వు కంగారుగా ఫోన్ చేస్తావని తెలుసు, అందుకే ముందే చెబుతున్నా. మొదట ఆకులు పచ్చగానే ఉంటాయి. రాత్రి చలి తగిలే కొద్దీ లోపలి నుంచి ఎరుపెక్కుతాయి. సముద్రం పక్కన మీకు మాకన్నా చలి తక్కువ. పూర్తి ఎరుపు రాకపోవచ్చు, పదిలో నాలుగు అసలు గడ్డే కట్టకపోవచ్చు. వాటిని ఆకుకూరలా గిల్లుకో, నష్టమేం లేదు. ఇటలీలో ట్రెవిజో అనే ఊరి రకాన్ని వేళ్లతో సహా పెకలించి, చీకట్లో పారే ఊటనీళ్లలో నిలబెట్టి చేదు తగ్గిస్తారు. ఆ వీడియోలు చూసి ప్రయోగాలు చెయ్యకు. నేనొకసారి కుండ బోర్లించి చీకటి చేశా. పదోరోజు కుండ ఎత్తితే లోపల బురద తప్ప మొక్క లేదు.

బొటనవేలితో నొక్కితే గట్టిగా తగిలినప్పుడు కోసెయ్యి. ఇంకాస్త పెరుగుతుందని ఆశపడి శివరాత్రి దాకా ఉంచితే కాడ లేస్తుంది. తరిగిన ఆకుని అరగంట చల్లటి నీళ్లలో వేస్తే చేదు కొంత దిగుతుంది. మొత్తం దిగాలని చూడకు, కాకరకాయ తినే ఇంట్లో ఈపాటి చేదుకి భయమేమిటి? నిమ్మకాయ, ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగ గుళ్లు కలిపి పచ్చిగా తిను. నాకైతే గడ్డని నాలుగు చెక్కలు చేసి పెనం మీద నూనెలో కాల్చి, పైన చింతపండు, బెల్లం పాకం పోస్తేనే ఇష్టం. చంటిదానికి పెసరపప్పులో వేసి పెట్టు, పచ్చిది పెడితే నన్ను తిట్టుకుంటుంది.

రథసప్తమికి అరసవల్లి వస్తాం. లెక్క తప్పకపోతే అప్పటికి మొదటి గడ్డలు తయారుగా ఉంటాయి, రెండు పట్టుకురా. నేల మట్టానికి కాస్త పైన కొయ్యి, వేరు పీకకు. చలి ఇంకా ఉంటే ఆ కోసిన మొదలు నుంచే చిన్న చిన్న చిగుళ్లు మళ్లీ వస్తాయి.

మీ మావయ్య