గిటార్‌ను పరకాలకు పంపితే బ్యాక్‌లాగ్ పోతుందా?

హన్మకొండ నుంచి ఒక తండ్రి రాశారు: "మావాడు సీఎస్‌ఈ రెండో ఏడాది. రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. ముగ్గురు దోస్తులతో కలిసి రాక్ బ్యాండ్ పెట్టిండు. ఇప్పుడు బీటెక్ మానేసి మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమాలో చేరతా అంటున్నాడు. క్వీన్ బ్యాండ్ వాళ్లూ చదువులు వదిలేసినవాళ్లేనట. కోపమొచ్చి గిటార్ తీసుకుపోయి పరకాలలో మా చెల్లె ఇంట్లో సజ్జ మీద పెట్టిన. అప్పటి నుంచి నాతో మాట్లాడతలేడు. బీటెక్కా, డిప్లొమానా? ఏది మంచిదో చెప్పండి."

సార్, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. గిటార్ బదులు ఒకసారి క్రికెట్ బ్యాట్ ఉంటుంది, ఇంకోసారి షార్ట్ ఫిల్మ్ కెమెరా ఉంటుంది. మీరు అడిగింది కోర్సుల గురించే అయినా, పిల్లాడు చేజారిపోతున్నాడేమోనన్నదే మీ అసలు భయం. చేజారలేదు. రెండో ఏడాదిలో రెండు బ్యాక్‌లాగ్స్‌కు ఎవరి బతుకూ ఆగిపోదు. గిటార్ ముట్టనివాళ్లు కూడా అంతకంటే ఎక్కువ పెట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. బెట్టింగ్ యాప్‌లు చేతిలో ఉన్న ఈ వయసులో నలుగురు కుర్రాళ్లు ఒక గదిలో కూర్చుని తాళం తప్పిందని కొట్లాడుకుంటున్నారంటే నాకైతే ముచ్చటగానే ఉంది.

ఇక ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ క్వీన్ సంగతి. మీవాడు సగమే చెప్పాడు. 1970లో లండన్‌లో ఆ బ్యాండ్ మొదలయ్యేనాటికి గిటారిస్ట్ బ్రయాన్ మే డిగ్రీ పూర్తి చేసి ఆస్ట్రోఫిజిక్స్‌లో పరిశోధన చేస్తున్నాడు. ఆపేసింది ఆ పీహెచ్‌డీని. దాన్ని కూడా 2007లో, అరవై ఏళ్ల వయసులో వచ్చి పూర్తి చేశాడు. డ్రమ్మర్ రోజర్ టేలర్ డెంటల్ వదిలేసిన మాట నిజమే, తర్వాత బయాలజీ డిగ్రీ తీసుకున్నాడు. చిన్నప్పుడు మన పంచగనిలో హాస్టల్లో ఉండి చదివిన గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ఆర్ట్ కాలేజీలో గ్రాఫిక్స్ నేర్చుకుని, బ్యాండ్ చిహ్నం తనే గీశాడు. బేస్ గిటార్‌కు ముగ్గురు మారాక 1971లో జాన్ డీకన్ దొరికాడు. ఎలక్ట్రానిక్స్‌లో ఫస్ట్ క్లాస్. చెత్తలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో అతను చేసిన చిన్న ఆంప్లిఫయర్‌ను బ్యాండ్ రికార్డింగుల్లోనే వాడారు. మీ సీఎస్‌ఈ అబ్బాయికి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

మొదటి ఆల్బం 1973లో గానీ రాలేదు. అప్పట్లో ఫ్రెడ్డీ, రోజర్ కెన్సింగ్టన్ మార్కెట్లో బట్టలమ్మారు. పాటలు హిట్టయ్యాక కూడా మేనేజ్‌మెంట్‌తో రాసుకున్న ఒప్పందం వల్ల డబ్బు చేతికి రాలేదు. 1975లో అందులోంచి బయటపడ్డారు. 'బొహీమియన్ రాప్సొడీ' అనే ఆరు నిమిషాల పాట బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో కూర్చున్నది ఆ ఏడాది చివర్లోనే.

ఇప్పుడు డిప్లొమా. దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. లక్షల్లో ఫీజు కట్టించుకుని చాలాచోట్ల నేర్పేది ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్. మంచి సంస్థలు లేకపోలేదు. కానీ చేర్చేముందు పాఠం చెప్పేవాళ్లు ఏ పాటలకు పనిచేశారో అడగండి, స్టూడియోలో పిల్లలకు ఎన్ని గంటలు ఇస్తారో అడగండి, పాత బ్యాచ్ వాళ్లతో మీరే మాట్లాడండి. స్టూడియోలో సర్టిఫికెట్ ఎవరూ చూడరు, "ఏదీ, వినిపించు" అంటారు.

డిప్లొమా లేకున్నా రీల్స్, యూట్యూబ్ వీడియోలతో సంపాదిస్తామంటారేమో, వాటి మీద నా అనుమానం ఇంకా ఎక్కువ. యూట్యూబ్‌లో యాడ్స్ డబ్బుల్లో వాటా రావాలంటేనే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ కావాలి. అది దాటినా, సినిమా పాటను కవర్ చేస్తే డబ్బు సాధారణంగా ఆ పాట హక్కులున్న కంపెనీకే పోతుంది. హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్‌కు పేరొచ్చింది సొంత పాటలతో. (పేరు విని మన వరంగల్ చౌరస్తా వాళ్లే అనుకుని నేను తెగ సంబరపడ్డాను.) మీవాళ్లకు సొంత పాట ఉందా? ఉంటే రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు ఐపీఆర్ఎస్‌లో (పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ) సభ్యులై ఆ పాట నమోదు చేసుకోవాలి. ఎవరి వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకోవాలి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, కొన్నేళ్ల కింద హంటర్ రోడ్డులో ఒక కుర్రాళ్ల బ్యాండ్ ప్రాక్టీస్ చేసే డాబా మీది రేకుల గదికి వెళ్లాను. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు, చప్పుడు బయటికి పోదని వాళ్ల నమ్మకం. కింది వాటా ఆంటీ మాత్రం రోజూ పైకొచ్చి అరిచేది. బాగా వాయించేవాళ్లు. ఆ బ్యాండ్ పాట దగ్గర విడిపోలేదు. డ్రమ్స్ సెట్ ఈఎంఐ ఎవరు కట్టాలన్న దగ్గర విడిపోయింది. ఒకరికి ఆఫర్ లెటర్ రాగానే మిగతా ముగ్గురి ముఖాలు మారిపోయాయి.

అందుకే బీటెక్ ఆపొద్దంటున్నాను. బ్యాండ్ నలుగురి మీద నడిచేది, ఒక్కడు తప్పుకున్నా మీవాడి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. మన చిట్యాల మండలం చల్లగరిగె నుంచి వెళ్లిన చంద్రబోస్ గారు ఇంజనీరింగ్ చదివారు. గాయకుడవ్వాలనుకుని పాటల రచయితయ్యారు, 2023లో ఆస్కార్ అందుకున్నారు. ఆ చదువు ఆయనకు అడ్డం రాలేదు.

ఇక మీ సంగతి, కోప్పడకండి. గిటార్ దాచిపెట్టడం ఏం పని సార్? ఇంజనీరింగ్ చదివే కుర్రాడి వస్తువును చిన్నపిల్లాడి బొమ్మలా లాక్కుంటారా? బ్యాక్‌లాగ్ గిటార్‌లో ఉందా? వాడు వాయిస్తుంటే ఒక్కసారైనా పూర్తిగా విన్నారా? ఉత్తరంలో వాడు ఏం వాయిస్తాడో ఒక్క ముక్క లేదు, బ్యాక్‌లాగ్స్ లెక్క మాత్రం ఉంది.

పరకాల ఎంత దూరమని? ఈ ఆదివారం వాడిని వెంటబెట్టుకుని వెళ్లండి. రెండు సప్లిమెంటరీ పరీక్షల తేదీలు బండి మీద పోతూ మాట్లాడుకోండి. సజ్జ మీద పడి ఉండి తీగలు పాడై ఉంటాయి, వచ్చేటప్పుడు కొత్త సెట్ కొనివ్వండి.